హైరూల్ రాజ్యానికి ఆంగ్ల వేషం

భాషాంతరీకరణమనగానే మనకు స్ఫురించేవి కావ్యాలు, నాటకాలు, నవలలు. నన్నయభట్టారకుడు వ్యాసభారతాన్ని తెనిగించిన తీరు ఎట్టిది, మూలానికి కట్టుబడినాడా, లేక కథాగతిని మాత్రం గ్రహించి తన త్రోవ తాను త్రొక్కినాడా అని తరగతి గదులలో మనం ఏటేటా చర్చించుకొంటూనే ఉన్నాము. అదే సమస్య పిల్లలు చేతబట్టి ఆడుకొనే వీడియో ఆటలలో కూడ ఉన్నదనీ, కొన్నిచోట్ల కావ్యానువాదంలో కంటె జటిలంగా ఉన్నదనీ అంటే పెద్దలు కొందరు నొసలు చిట్లించవచ్చు. ఆటలో భాషకేమి పని, మీటలు నొక్కడమే గదా అని వారి ఆక్షేపణ. ఈ ఆక్షేపణకు సమాధానంగా ఒక్క ఆట చరిత్ర చాలును. అది జపాను దేశంలో పుట్టి, అమెరికాకు పోయి, ప్రపంచమంతటా పేరు పొందిన 'జెల్డా' కథ.

జపానులోని క్యోటో నగరంలో నింటెండో అనే సంస్థ ఉన్నది. ఆ సంస్థవారు 1983లో 'ఫామికామ్' అనే ఆటయంత్రాన్ని విడుదల చేసినారు. మూడేండ్ల తరువాత, 1986 ఫిబ్రవరి 21వ తేదీన, ఆ యంత్రానికి అనుబంధంగా డిస్కులతో పనిచేసే సాధనమొకటి వెలువరించినారు. దానితోపాటు వచ్చిన ఆటయే 'జెల్డా నో దెన్సెత్సు', అనగా జెల్డా ఇతిహాసం. దాని రూపకల్పనలో ప్రధానులు షిగేరు మియామోటో, తకాషి తెజుకా. సంగీతం కోజీ కొండో సమకూర్చినాడు. మియామోటో బాల్యం క్యోటోకు సమీపంలోని సోనోబె అనే ఊరిలో గడిచినది. అక్కడి కొండలు, గుహలు, అడవిదారులు తన ఊహకు బీజాలైనవని ఆయనే పలుమార్లు చెప్పియున్నాడు.

కథ మనకు కొత్తది కాదు. హైరూల్ అనే రాజ్యం. గానన్ అనే చీకటి రాజు శక్తిత్రికోణాన్ని అపహరిస్తాడు. రాకుమారి జెల్డా తనవద్ద నున్న జ్ఞానత్రికోణాన్ని ఎనిమిది ముక్కలు చేసి నేలమాళిగలలో దాచి, తాను అతనికి బందీ అవుతుంది. లింక్ అనే కుర్రవాడు కత్తి చేతబట్టి, ఆ ముక్కలను సంపాదించి, గానన్‌ను చంపి, ఆమెను విడిపించాలి. రాకుమారి, దుష్టుడు, సాహసి, గుహలు, మహిమగల వస్తువులు: ఇవి 'పాతాళభైరవి' చూచి పెరిగిన మన జనానికి పరిచయం చేయనక్కరలేని సరుకులు. ఒక్క విశేషం మాత్రం చెప్పాలి. జెల్డా అనే పేరు జపాను పేరు కాదు. అమెరికా రచయిత స్కాట్ ఫిట్జెరల్డ్ భార్య పేరు అది. ఆ పేరు చెవికి ఇంపుగా తోచి తీసుకొన్నామని మియామోటో చెప్పినాడు. అనగా అమెరికా పేరు జపానుకు పోయి, రాకుమారియై, 1987లో మళ్లీ అమెరికాకు తిరిగివచ్చినదన్నమాట. ఈసారి డిస్కులో కాదు, బంగారు రంగు కార్ట్రిడ్జిలో. ఆడినంతవరకు ఆటను గుర్తుంచుకొనడానికి దానిలో చిన్న బ్యాటరీ కూడ అమర్చినారు.

ఆ రాజ్యంలో చెలామణీ అయ్యే ధనం పేరు వింటే మన పాఠకులు చిరునవ్వు నవ్వకపోరు. దాని పేరు 'రూపీ'. మన రూపాయిని జపానువారు ఏ అక్షరాలతో వ్రాస్తారో ఈ ధనాన్ని కూడ అవే అక్షరాలతో వ్రాసినారు. నాణెం కాదు గాని, రంగురంగుల రత్నం.

ఇక అసలు విషయానికి వద్దాము. ఆ కాలపు యంత్రంలో తెరమీద కనబడేదంతా చిన్న చిన్న చదరపు గళ్లతో కూర్చిన బొమ్మ. ఒక్కొక్క గడికి అడ్డంగా ఎనిమిది, నిలువుగా ఎనిమిది, వెరసి 64 చుక్కలు. ఒక అక్షరం ఒక గడిలో ఇమడాలి. చైనా లిపినుండి వచ్చిన 'కంజి' అక్షరాలు అందులో ఇమడవు గనుక జపానువారు ఈ ఆటలోని మాటలన్నీ 'కటకాన' లిపిలో వ్రాసుకొన్నారు. గీతలు తక్కువ, వంపులు తక్కువ; ఆ లిపికి 64 చుక్కలు చాలును. ఆంగ్లానికి సైతం చాలును. (మన 'స్త్రీ' శబ్దాన్ని గుడిదీర్ఘం, వత్తులతోసహా ఆ 64 చుక్కలలో చెక్కగల శిల్పి ఎవరైనా ఉంటే నమస్కరిస్తాను.) అక్షరం ఇమిడినంతమాత్రాన వాక్యం ఇమడదు గదా! జపాను భాషలో కర్త లోపించినా అర్థం చెడదు; ఎనిమిది పది అక్షరాలలో వాక్యం ముగుస్తుంది. ఆంగ్లంలో కర్త ఉండాలి, ఉపపదం ఉండాలి, మాటకు మాటకు నడుమ ఖాళీ ఉండాలి. తెరమీద ఉన్న చోటు మాత్రం పెరగదు. చలనచిత్రాల డబ్బింగులో నటుని పెదవుల కదలికకు సరిపడే మాట వెదుక్కొన్నట్లే ఇక్కడ గళ్ల లెక్కకు సరిపడే మాట వెదుక్కోవాలి. 1950లో 'ఆహుతి' చిత్రాన్ని హిందీనుండి తెలుగులోకి దించిన శ్రీశ్రీ ఎదుర్కొన్న కట్టడి ఈ జాతికి చెందినదే.

ఆట ఆరంభంలో లింక్ చేతిలో ఆయుధం లేదు. దాపున ఒక గుహ. లోపలికి పోతే రెండు మంటల నడుమ ఒక వృద్ధుడు నిలిచి కత్తినిచ్చి ఒక మాట చెబుతాడు. ఒంటరిగా పోవడం ప్రమాదకరమనీ, దీనిని తీసుకొమ్మనీ ఆంగ్లంలో దాని సారాంశం. ఈ వాక్యం నేడు వీడియో ఆటలు ఆడినవారి లోకంలో సామెతవంటిది. కాని జపాను మూలంలో ఆ వృద్ధుని నోట వచ్చినది కేవలం సమాచారం కాదు. అతడు వాక్యాన్ని 'జా' అనే ప్రత్యయంతో ముగిస్తాడు. జపాను కథలలో ముసలివారు, ఋషితుల్యులు మాట్లాడే తీరు అది. నిజజీవితంలో ఏ ముసలివాడూ అట్లు మాట్లాడకపోయినా, కథలో ఆ ప్రత్యయం వినబడగానే జపాను బాలునికి తెల్లని గడ్డం కనబడుతుంది. ఇక కత్తినివ్వడానికి అతడు వాడిన క్రియ 'సజుకెరు'. పెద్దవాడు చిన్నవానికి, గురువు శిష్యునికి, దేవుడు భక్తునికి ఇచ్చేటప్పుడు వాడే మాట. మన 'ప్రసాదించు' దానికి సరిగా సరిపోతుంది. ఆంగ్లంలో మిగిలినది 'తీసుకో' అనే పొడిమాట. ఇచ్చేవాని గౌరవం పోయి, పుచ్చుకొనేవాని చేయి మాత్రం మిగిలినది.

దీనికి అనువాదకుని నిందించడం నాకు న్యాయంగా తోచదు. ఆంగ్లంలో అట్టి ముసలి ప్రత్యయం లేదు. పాత ఆంగ్లపు సర్వనామాలను తెచ్చి పెట్టవచ్చును. అదే యంత్రానికి వచ్చిన 'డ్రాగన్ క్వెస్ట్' అనే మరొక ఆటను 1989లో 'డ్రాగన్ వారియర్' అని పేరుమార్చి అమెరికాకు తెచ్చినవారు ఆ పనే చేసినారు. మూలంలో మామూలు మాటలు మాట్లాడిన పాత్రలు ఆంగ్లంలో షేక్స్‌పియర్ నాటకం వేషగాండ్లవలె పలికినవి. మన పౌరాణిక చిత్రాలలో గ్రాంథికం వినిపించినట్లు అది ఆ ఆటకు ఒక పురాణశోభ కూర్చినదని మెచ్చుకొన్నవారు కలరు, కృత్రిమమని నవ్వినవారూ కలరు. తెలుగు అనువాదకునికైతే ఈ చిక్కే లేదు. 'నాయనా' అన్న ఒక్క సంబోధనతో గుహలోని వృద్ధుడు లేచి నిలబడతాడు. ప్రతి భాషకు తన పెట్టెలో తన పనిముట్లు.

అయితే నిజంగా తప్పటడుగు వేసిన చోట్లు కూడ లేకపోలేదు. ఆటలో లింక్‌కు శత్రువులైన రాక్షసులలో కొందరు మంచివారు; రహస్యపు గుహలో కూర్చుండి, లోపలికి వచ్చిన లింక్‌కు ధనమిచ్చి పంపుతారు. ఇచ్చేటప్పుడు జపాను రాక్షసుడు చెప్పే మాటకు తెలుగు: 'అందరి దగ్గరా దాచిపెట్టు సుమా.' తన తోటివారికి తెలిస్తే తన గతి ఏమిటని ఆ జంకు కాబోలు. ఇందులో 'ని' అనే విభక్తి ఉన్నది. సాధారణంగా అది మన 'కు' విభక్తి వంటిది. అనువాదకుడు ఆ విభక్తికి నిఘంటువులోని అర్థమే పెట్టినాడు. ఫలితంగా ఆంగ్ల రాక్షసుడు, 'ఇది అందరికీ రహస్యమే' అన్నాడు. అందరికీ రహస్యమైతే చెప్పేవాడికి ఎట్లు తెలిసినది? వినేవాడికి ఏమి తెలిసినది? వ్యాకరణం బోధించే మిత్రులు విభక్త్యర్థాలు చెప్పేటప్పుడు ఈ ఉదాహరణను వాడుకొనవచ్చును; కుర్రవాళ్లు నిద్రపోరు.

చోద్యమేమంటే ఈ తప్పు వాక్యమే చిరంజీవి అయినది. ఆ పిల్లలు పెద్దవారై దానిని ముద్దుగా చెప్పుకొన్నారు. సంస్థవారు తరువాతి జెల్డా కథలలో అదే వాక్యాన్ని తెలిసి తెలిసి మరల మరల వాడినారు. మరొకచోట ద్వీపకల్పమనే ఆంగ్లశబ్దంలో నకారం ఒకటి అదనంగా చేరినది. ఆట ముందు తెరమీద వచ్చే పీఠికలో గానన్ పేరుకు రెండు నకారాలు, వాక్యాలకు అన్వయలోపం. ఆ పీఠిక జపాను డిస్కులోనే ఆంగ్లంలో ఉన్నది. దానినే అమెరికాకు పంపినారు. 2003లోను ఆ తరువాతను వెలువడిన పునర్ముద్రణలలో దానిని చక్కదిద్దినారు. ఆటచివర పనివారి పేర్ల పట్టికలో చాలామంది మారుపేర్లతో ఉన్నారు. ఆంగ్లంలోకి మార్చిన మనిషికి మారుపేరుతో కూడ చోటు దక్కలేదు.

తప్పు కానిదానిని తప్పని లోకం నవ్విన ఘట్టం ఇంతకంటె రసవత్తరమైనది. 1987లో జపానులో, 1988లో అమెరికాలో ఈ కథకు రెండవ భాగం వచ్చినది. అందులో ఒక ఊరిలో, ఒక ఇంటిలో, గడ్డపు మనిషి ఒకడున్నాడు. పలకరిస్తే 'నేను ఎర్రర్‌ను' అంటాడు. ఎర్రర్ అంటే ఆంగ్లంలో దోషం. యంత్రం చెడినదని కొందరు, అనువాదం చెడినదని కొందరు అనుకొన్నారు. ఏండ్ల తరబడి ఇది చెడ్డ అనువాదానికి ఉదాహరణగా చలామణి అయినది. మూలం చూస్తే జపాను భాషలో కూడ ఆయన పేరు ఎర్రరే! అదే కథలో వేరొకచోట అడవిలో నివసించే మరొకడున్నాడు. జపానులో ఆయన పేరు 'బగు'. ఇది 'బగ్' అనే ఆంగ్లశబ్దాన్ని జపానువారు పలికే తీరు. కంప్యూటరు పనివారి పరిభాషలో బగ్ అన్నా దోషమే. రాత్రింబవళ్లు దోషాలతో కుస్తీపట్టిన పనివారు తమ శత్రువులిద్దరికీ మనుష్యరూపమిచ్చి, ఒకరికి ఎర్రరనీ ఒకరికి బగ్ అనీ నామకరణం చేసి నవ్వుకొన్నారు. అనువాదకుడు మొదటి పేరును ఆంగ్లశబ్దంగా గుర్తించినాడు. రెండవదానిని గుర్తించక జపాను ఉచ్చారణలోనే 'బాగు' అని దించినాడు. జంట విడిపోయినది. జంట విడిపోగానే హాస్యం అంతరించి, మిగిలిన ఒంటిపేరు తప్పుగా కనబడినది. యమకంలో ఒక పాదాన్ని మార్చి రెండవదానిని విడిచిపెట్టినట్లున్నది ఈ వ్యవహారం.

ఇప్పటివరకు చెప్పినవి భాషా సంబంధమైనవి. మతం సంగతి వేరు. మొదటి ఆటలో ఒక మహిమగల పుస్తకమున్నది. జపానువారి రూపంలో దాని పేరు బైబిల్. అమెరికాకు పోయేసరికి అది 'మంత్రపుస్తకం' అయినది. లింక్ డాలుమీది సిలువ గుర్తు మాత్రం అట్లే ఉండిపోయినది. జపాను జనాభాలో క్రైస్తవులు నూటికి ఒకరు ప్రాంతం. వారికి సిలువ, బైబిల్, చర్చి అన్నవి పాశ్చాత్య వీరగాథకు తగిన అలంకారాలు. మన నాటకాలలో తురకరాజు వేషానికి కిరీటంలో ఈక పెట్టినట్లు. అమెరికాలో అవి ఇంటింటి విశ్వాసాలు. ఒకరి అలంకారం మరొకరి ఆరాధ్యవస్తువైనప్పుడు అనువాదకుడు ఏమి చేయాలి? నింటెండో అమెరికా శాఖవారు ఆ రోజులలో తమ ఆటలలో మతచిహ్నాలు కనబడరాదని నియమం పెట్టుకొన్నారు.

ఆ నియమం పూర్తిగా ఫలించినది 1991లో వచ్చిన మూడవ కథలో. జపానులో దాని పేరు 'కమిగమి నో ట్రైఫోర్స్', అంటే దేవతల త్రికోణం. రాజును వశపరచుకొన్న అగానిమ్ అనే దుష్టుడు మూలంలో పూజారి. ఆంగ్లంలో మాంత్రికుడు. చర్చి 'ఆశ్రయస్థానం' అయినది. అందులోని మతగురువు విశ్వాసపాత్రుడైన జ్ఞానిగా మారినాడు. శిలాఫలకాలమీద చెక్కిన ప్రాచీన లిపిలో ఈజిప్టు చిహ్నాలను పోలిన వాటిని కూడ మార్చినారు. పాత్రల పని మారలేదు, పేర్లు మాత్రం మారినవి, నష్టమేమి అని అనవచ్చు. నష్టమున్నది. మాంత్రికుడు ద్రోహం చేస్తే ఎవరూ ఆశ్చర్యపోరు. కథలలో అతని వృత్తే అది. నమ్మి గుడి తాళాలు అప్పగించిన పూజారి ద్రోహం చేయడం వేరు. మూలకథలోని ఆ పులుపు ఆంగ్లంలో చప్పబడినది. పిల్లల మనసు నొప్పించరాదన్న జాగ్రత్త కథలోని అధర్మాన్ని పలచన చేసినదని నా అభిప్రాయం. కాదనేవారూ ఉండవచ్చు; వారి వాదానికీ బలం లేకపోలేదు, ఎందుకంటే ఆ బొమ్మల సిలువను ఇంట్లో చూచి బాధపడగల తల్లిదండ్రులు కల్పితులు కారు.

ఇదే చోట అనువాదకుల ప్రతిభ కూడ వెలిగినది. పేరులో దేవతలు ఉండరాదు. కొత్త పేరు కావాలి. 1992లో అమెరికాలో వెలువడిన ఆట పేరు 'ఎ లింక్ టు ది పాస్ట్'. లింక్ అనగా కథానాయకుడు. లింక్ అనగా సంబంధం, లంకె. ఈ కథ మొదటి రెండు కథలకంటె పూర్వం జరిగినది. ఇందులోని లింక్ వెనుకటి లింక్‌కు పూర్వీకుడు. గతంతో లంకె, గతకాలపు లింక్: రెండర్థాలూ పూర్తిగా పొసగినవి. జపాను మూలంలో ఈ శ్లేష లేదు. ద్వ్యర్థికావ్యం వ్రాసి మెప్పించిన పింగళి సూరన జాతికి చెందినవారమైన మనం ఇట్టి శ్లేషను చూచి తల ఊపకుండ ఉండలేము.

ముఖ్యమైన ముచ్చట ఒకటి వెనుకకు అట్టిపెట్టినాను. మొదటి ఆటలోని నేలమాళిగలలో 'పోల్స్ వాయిస్' అనే దయ్యమున్నది. పెద్ద చెవులు. ఎగిరెగిరి దూకుతుంది, కత్తికి త్వరగా లొంగదు. ఆటతో ఇచ్చిన చిన్న పుస్తకంలో దాని బలహీనత వ్రాసి ఉన్నది: పెద్ద శబ్దమంటే దానికి గిట్టదు. జపాను ఫామికామ్ యంత్రానికి రెండు కంట్రోలర్లు యంత్రానికే కలిపి ఉండేవి. రెండవదానిలో ఒక చిన్న మైకు అమర్చినారు. అందులో గట్టిగా అరచినా, ఊదినా చాలు, గదిలోని పోల్స్ వాయిస్‌లన్నీ ఒక్కసారిగా చస్తాయి. ఆడుతున్న పిల్లవాని గొంతే ఆయుధం. ఎంత ముచ్చటైన ఊహ!

అమెరికాకు పంపిన యంత్రం వేరు. రూపం మార్చినారు, కంట్రోలర్లు ఊడదీసి తగిలించుకొనేవి చేసినారు. మైకు లేదు. ఆ సంగతి పుస్తకాన్ని ఆంగ్లంలోకి మార్చినవారికి ఎవరూ చెప్పలేదో, చెప్పినా వారు పట్టించుకోలేదో, వాక్యం మాత్రం చెక్కుచెదరకుండ ఆంగ్లంలోకి దిగినది. పెద్ద చెవుల దయ్యం. పెద్ద శబ్దం గిట్టదు. ఒక్క మాట తప్పు లేదు. వ్యాకరణదోషం లేదు. విభక్తి సరిగా ఉన్నది. నకారం అదనంగా చేరలేదు.

ఇక ఆ పుస్తకం చదివిన అమెరికా బాలుని ఊహించండి. అచ్చులో ఉన్నది గనుక నమ్మినాడు. శబ్దం చేయగల వస్తువు ఆటలో ఏమున్నది? పిల్లనగ్రోవి ఒకటున్నది. నేలమాళిగలో దానిని కష్టపడి సంపాదించి, పోల్స్ వాయిస్ ఉన్న గదికి పోయి ఊదుతాడు. పాట వినబడుతుంది, దయ్యం దూకుతూనే ఉంటుంది. మళ్లీ ఊదుతాడు. తానెక్కడో పొరబడినాననుకొంటాడు గాని, పుస్తకం పొరబడినదని అనుకోడు. అనుమానం బలపరచడానికా అన్నట్లు అదే ఆటలో డిగ్‌డాగర్ అనే మరొక భూతం నిజంగానే ఆ పిల్లనగ్రోవికి కుంచించుకుపోతుంది! ఒకచోట ఫలించిన మంత్రం మరొకచోట ఫలించకపోతే దోషం మంత్రం చదివినవానిదేనని ఏ బాలుడైనా అనుకోడా?

అనువాదంలో తప్పొప్పులు వెదికేవారు సామాన్యంగా రెండు భాషల వాక్యాలను పక్కపక్కన పెట్టి చూస్తారు. ఈ వాక్యాన్ని అట్లు చూస్తే నూటికి నూరు మార్కులు వేయవలసివస్తుంది. తప్పు రెండు వాక్యాల నడుమ లేదు. వాక్యానికీ, బాలుని చేతిలోని యంత్రానికీ నడుమ ఉన్నది. నకారం ఎక్కువైన ద్వీపకల్పం, అందరికీ రహస్యమైన రహస్యం నవ్వించి పోయినవి. వాటి మూలంగా ఏ పిల్లవాడూ దారి తప్పలేదు. ఈ నిర్దోషమైన వాక్యం తప్పించినది.

అమెరికా రూపంలో ఆ దయ్యానికి విరుగుడు బాణం. ఒక్క బాణం వేస్తే వరుసలో ఉన్నవన్నీ కూలుతాయి. ఆ పుస్తకంలో దయ్యం పేరు పక్కన ఆ సంగతి లేదు. బాణానికి ఒక రూపీ ఖర్చు గనుక ఊరికే వేసి చూచే పిల్లలు తక్కువ. బడిలో మధ్యాహ్నపు విరామవేళ, ఎవడో చేతిలో డబ్బు మిగిలి వేసి చూచినవాడు పక్కవానితో చెప్పినప్పుడు గాని అది తెలిసేది కాదు.